మూడు బారల నీళ్లు

ఆ చలికాలం అమ్మ నన్ను నాన్న వెంట, గడ్డకట్టిన సరస్సు అఖాతం మంచు మీదికి పంపింది. చేపలు పట్టడానికి కాదు, వినడానికి.

జనవరి మొదటి వారం. డిగ్రీ పూర్తి చేసుకుని ఇంటికొచ్చి పది రోజులైంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదలు. టీచరు ఉద్యోగం ఆగస్టులో. అప్పటిదాకా ఇంట్లో సాయంగా ఉందామనుకున్నాను. అమ్మ వంటింట్లో బంగాళాదుంపలు తురుముతోంది. నాన్న పక్క గదిలోనే పేపరు చదువుతున్నాడు. మధ్యలో తలుపు తీసే ఉంది.

"మీ నాన్నకి మంచు మోత వినపడటం లేదే," అంది అమ్మ. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.

"అమ్మా! మెల్లగా."

"మెల్లగా ఎందుకు? చూడు." గిన్నె మూత తీసి నేలమీద పడేసింది. అది గింగిరాలు తిరుగుతూ మోగి మోగి ఆగింది. నాన్న పేపరు తిప్పాడు.

నాకు ఆ క్షణంలో మొదలైంది భయం. మంచు కరిగేదాకా వదల్లేదు.

"ఇనుము పోతపోసే కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు. చెవులు మిగుల్తాయా?" అంది అమ్మ మూత కడుగుతూ. "డాక్టరు దగ్గరికి వెళ్దామంటే 'నేను చెవిటివాణ్ణా' అని మూడు రోజులు మాట్లాడలేదు. ఏది అడిగినా తలూపుతాడు. మొన్న చర్చిలో ఫాదర్ గారు 'మీ అన్నయ్య పోయి ఏడాది అవుతోంది కదా' అంటే నవ్వుతూ తలూపాడు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

"నన్నేం చెయ్యమంటావు?"

"వెంట వెళ్లు. ఎందుకో చెప్పకు. పెర్చ్ చేపలు పట్టడం నేర్పమను. నేర్పమంటే మాత్రం కాదనడు."

నిజంగానే కాదనలేదు. మర్నాడు పొద్దున్నే, తను వేసుకున్నట్టే నా మెడలోనూ ఒక తాడు వేశాడు. దానికి రెండు చెక్కపిడుల మేకులు వేలాడుతున్నాయి. నీళ్లలో పడితే మంచులో దిగ్గొట్టుకుని పైకి పాకడానికి. జారుడు బండి మీద బకెట్లు, బరమా, గునపం వేసుకుని ఒడ్డు నుంచి మైలున్నర నడిచాం. నాన్న ముందు నడుస్తూ పది అడుగులకోసారి గునపంతో మంచు మీద పొడిచేవాడు. ఇదివరకు ఆ దెబ్బ మోతని బట్టి మంచు మందం చెప్పేవాడు. ఇప్పుడు చేతికి తగిలే అదురుని బట్టి చెబుతున్నాడని నాకు అర్థమైంది.

"పట్టా పుచ్చుకున్నావుగా, చెప్పు. ఇక్కడ లోతెంత?" అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది?"

"అయితే పట్టా ఆ బకెట్లో పెట్టి గాలం పట్టుకో."

బరమాతో వరసగా ఆరు కన్నాలు వేశాడు. అక్కడ నీటి అడుగు మెట్లు మెట్లుగా దిగి ఓడల కాలువలోకి పోతుందట. ఆ మెట్ల అంచు మీదే పెర్చ్ మందలు తిరుగుతాయి. నా దారం చివర సీసపు గుండు, దానికి జానెడు పైన రెండు గాలాలు. గుండుని అడుగుదాకా వదిలి, దారం మంచు అంచుని తాకిన చోట ఎర్రనూలుతో ముడి వేశాడు.

"మూడు బారలు. ముడి ఇక్కడికి వచ్చిందంటే గుండు అడుగున ఉన్నట్టు. ఇప్పుడు గుండుని జానెడు లేపి వదులు. మళ్లీ. మళ్లీ. కింద బురద పొగలా లేస్తుంది. ఎవరో తవ్వుతున్నారు, ఏదో దొరుకుతుందని పెర్చ్ చూడ్డానికొస్తుంది. అప్పుడు బెత్తెడు పైకి లేపి ఊపిరి బిగబట్టి కూచో."

కూచున్నాను. ఏమీ లేదు.

"లాగడం లేదు నాన్నా."

నా నోటివంక చూశాడు. ఆ చలికాలం అంతా ఆయన నా నోటివంకే చూశాడు. "లాగదు. పెర్చ్ దొంగముండ. ఎర నోట్లో పెట్టుకుని అలాగే నిలబడుతుంది. చేతికి బరువు తగ్గినట్టుంటుంది, అంతే. తగ్గిందనిపిస్తే మణికట్టు మాత్రం తిప్పు."

తగ్గినట్టు అనిపించింది. తిప్పాను. పసుపు ఒంటిమీద నల్లచారలున్న జానెడు చేప కన్నంలోంచి బయటికొచ్చి మంచు మీద ఎగిరింది. నాన్న దాన్ని అందుకుని, బొటనవేలితో కన్ను పెకలించి నా రెండో గాలానికి గుచ్చాడు. 

"కన్ను గట్టిది, ఊడిరాదు. మిగతా మంద దానికే వస్తుంది. ఊ, వదులు! మంద నిలబడాలంటే ఎప్పుడూ ఏదో ఒక గాలం నీళ్లలో ఉండాలి. నాది పైకొచ్చినప్పుడు నీది కింద ఉండాలి. ఇద్దరం ఒకేసారి తీశామా, మంద పోయినట్టే."

అలా మేం ఇద్దరం ఒకరు పైకి, ఒకరు కిందికి. నాన్నతో కలిసి ఒక పని చెయ్యడం నాకదే మొదలు. సంతోషించాల్సింది. కానీ నా చెవులు చేపల మీద లేవు.

మంచు రోజంతా మోగుతూనే ఉంటుంది. దూరంగా ఉరిమినట్టు, తీగ తెగినట్టు, మనం కూర్చున్న చోటు కింద ఎవరో గుద్దినట్టు. ఆ మొదటి రోజు మధ్యాహ్నం మా ఇద్దరి బకెట్ల మధ్య నుంచే ఫిరంగి పేలినట్టు ఒక చీలిక పరిగెత్తింది. నేను కెవ్వున అరిచాను. యాభై గజాల అవతల కూర్చున్న ఎల్మర్ అంకుల్, మా వీధి చివరి ఇల్లు ఆయనది, లేచి నిలబడి "ప్యాంటు మార్చుకోవాలేమో!" అని నవ్వాడు. నాన్న గాలానికి ఎర గుచ్చుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

తర్వాత ఆ చీలికని చూసి, అప్పుడే విన్నవాడిలా చెప్పాడు. "మోగుతున్నంతసేపూ భయం లేదు. బిగుసుకుంటోందన్నమాట. కానీ రాసుకున్నట్టు, నూరుతున్నట్టు వినపడిందా, గాలం అక్కడే వదిలేసి లేవాలి. పెద్ద పలకలు ఒడ్డు మంచుని ఒరుసుకుని విడిపోతున్నాయని."

"సరే నాన్నా," అన్నాను. ఆయన తలూపాడు.

ఫిబ్రవరి అంతా నేను ఆ నూరుడు కోసమే విన్నాను. ఇంట్లో ప్లేటు మీద ప్లేటు రాసుకున్నా ఉలిక్కిపడేదాన్ని. మంచు మీద నాన్నకి ఎదురుగా కూర్చునేదాన్ని, ఆయన వీపు వెనక ఏముందో నాకు కనబడేలా. రెండుసార్లు అలాంటి మోత విన్నాననిపించింది. అనుమానమే. "నాన్నా, కాళ్లు మొద్దుబారిపోయాయి, పోదాం," అన్నాను. పెర్చ్ బాగా పడుతున్న రోజులు రెండూ.

"కాలేజీ కాళ్లు," అన్నాడు నాన్న ఎల్మర్ అంకుల్ వినేలా. "మెట్లెక్కడానికే పనికొస్తాయి."

ఎల్మర్ అంకుల్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకేం కష్టం కాలేదు. ఆయన చెవుల సంగతి బయటపడకుండా ఉంటే చాలు. అమ్మ చెప్పినదాంట్లో "ఎందుకో చెప్పకు" అన్న ముక్క నేను మరీ గట్టిగా పట్టుకున్నాను.

మార్చి రెండో శుక్రవారం. ఈస్టరుకి ముందు తపస్సు కాలం. శుక్రవారం మాంసం ముట్టం కాబట్టి ప్రతి ఇంట్లో పెర్చ్ వేపుడే. చలి తగ్గింది. మంచు పైన నీళ్లు చేరి బూట్ల కింద చప్పుడవుతోంది. అది చివరి వారమని అందరికీ తెలుసు. గుడ్లు నిండిన పెద్ద ఆడ పెర్చ్ గుంపులుగా వచ్చేది కూడా ఆ వారమే.

పది గంటలకి మొదలైంది. అలాంటి మంద నేను మళ్లీ చూడలేదు. గుండు అడుగుకి చేరకుండానే చేతికి బరువు తగ్గేది. నాన్నది పైకి, నాది కిందికి. నాది పైకి, నాన్నది కిందికి. మంచు మీద పసుపుపచ్చని కుప్ప పెరుగుతోంది. నాన్న టోపీ వెనక్కి తోసుకున్నాడు. నేను వినడం మానేశాను. ఎప్పుడు మానేశానో తెలియదు.

పదకొండున్నరకి ఎల్మర్ అంకుల్ తన బండి లాక్కుంటూ వచ్చి నాన్న వెనక నిలబడ్డాడు.

"ఫ్లోరియన్, గాలి తిరిగింది, దక్షిణం నుంచి వీస్తోంది. నేను పోతున్నా. నువ్వూ లేస్తే మంచిది."

మా ఊరు అఖాతానికి దక్షిణపు ఒడ్డున ఉంది. ఆ గాలి వీస్తే మంచు ఒడ్డు వదులుతుంది. నాన్న వెనక్కి తిరగలేదు. చేపని గాలం నుంచి విడదీస్తున్నాడు.

ఎల్మర్ అంకుల్ నావంక చూశాడు. నేను చెప్పాల్సిందల్లా ఒక్క మాట. "నాన్నా, ఎల్మర్ అంకుల్ పిలుస్తున్నారు." కానీ మూడడుగుల దూరం నుంచి పిలిచినా వినపడలేదని ఆయనకి తెలిసిపోతుంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నేను నాన్నలాగే తలూపాను.

"మొండిఘటం," అని ఎల్మర్ అంకుల్ వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే చెబుదామనుకున్నాను. అంతలో నా గాలానికి పడింది. దాన్ని తీసేసరికి నాన్నకి పడింది. ఇదొక్కటీ, ఇంకొక్కటీ.

ఎర్రముడి నీళ్లలోకి పోవడం అప్పుడు చూశాను. గుండు అడుగుకి తగల్లేదు. ముడి జారి ఉంటుందనుకుని ఇంకో జానెడు వదిలాను. తగిలింది. చేప పడింది. మళ్లీ వదిలితే మళ్లీ తగల్లేదు. ఇంకో మూరెడు వదిలాను. దారం నిటారుగా లేదు, కన్నం ఒక అంచుకి ఆనుకుని వాలుగా దిగుతోంది. కింద నీళ్ల వడి పెరిగిందనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, ప్రతిదానికీ ఒక కారణం దొరికింది నాకు. దక్షిణం నుంచి వెచ్చటి గాలి, ఆ గాలికి మంచు మీద పొగమంచు లేచి ఒడ్డు కనబడటం మానేసింది.

మూడోసారి ఒక బార వదిలినా గుండు తగల్లేదు. 

"నాన్నా, నీది అడుగుకి తగులుతోందా?"

ఆయన తల వంచుకుని ఉన్నాడు. లేచి వెళ్లి భుజం పట్టుకుని, నోరు చూపిస్తూ మళ్లీ అడిగాను. నాన్న తన గుండు కిందికి వదిలాడు. ఎర్రముడి నీళ్లలో మునిగింది. దారం వదులుతూనే ఉన్నాడు. వదలడం ఆపి, ఆ వాలుని చూశాడు.

మా కన్నం కదల్లేదు, గాలం కదల్లేదు. కదిలింది కింద ఉన్న అడుగు. అంటే మేమే కదులుతున్నాం.

నాన్న గాలం కర్ర కింద పెట్టాడు. బండి మీద ఉన్నవన్నీ దించేశాడు. చేపల వంక చూడనైనా లేదు. గునపం నా చేతికిచ్చి, "పరిగెత్తకు," అన్నాడు. "నా వెనకే రా. పరిగెత్తకు."

అరమైలు నడిచాక మంచు అయిపోయింది. ముందు నల్లటి నీళ్లు. అవతలి అంచు పొగమంచులో లీలగా కనిపిస్తోంది. పాతిక అడుగులు ఉంటుందేమో. పొద్దున మేం నడిచొచ్చిన బండి జాడ ఈ అంచు దగ్గర తెగి, ఆ అంచు దగ్గర మళ్లీ మొదలైంది. ఇంత పెద్ద పలక ఏ చప్పుడూ లేకుండా విడిపోయింది. నేనసలు వింటే కదా.

 "అరుద్దాం నాన్నా. ఎవరైనా వస్తారు."

"పడవ తేవాలంటే గంట. గంటలో మనం పెద్ద సరస్సులో ఉంటాం." ఆయన నీళ్లవంక, గాలివంక చూశాడు. "ఇది తిన్నగా పోదు. తలుపులా తిరుగుతుంది. ఎక్కడో ఒకచోట మడతబందు ఉంటుంది. అటు రాళ్ల తిప్ప, ఇటు రాళ్ల తిప్ప. రెండింట్లో ఒకదాన్ని ఇంకా ఒరుసుకుని ఉండాలి. రెండోవైపు పోయామంటే తిరిగొచ్చే టైము లేదు."

"ఏవైపు?"

నాన్న టోపీ తీసేశాడు. అటు తిరిగి నిలబడ్డాడు, ఇటు తిరిగి నిలబడ్డాడు. తల కొద్దిగా వంచాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకు వినపడదు, బెర్నీ," అన్నాడు. "నువ్వు విను."

నేను తలమీది ఉన్ని గుడ్డ లాగేశాను. గాలి. నా గుండె. నీళ్లు మంచు అంచుని నాకుతున్న చప్పుడు. కళ్లు మూసుకున్నాను. చాలా దూరం నుంచి, ఉందో లేదో అన్నట్టు, తిరగలి తిప్పుతున్న మోత.

"కుడివైపు."

"నూరుతున్నట్టుందా?"

"ఉంది. కానీ ఖాయంగా చెప్పలేను నాన్నా. నాకు భయంగా ఉంది."

"భయమున్నా చెవులు పనిచేస్తాయి. పద."

అంచు వెంట కుడివైపు నడిచాం. మొదట సందు ఇంకా పెద్దదవుతున్నట్టు కనిపించింది. ముప్పై అడుగులు.  తప్పు చెప్పాను, నాన్నని నేనే చంపుతున్నాను అనుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి అడగలేదు. నేను చెప్పిన వైపే నడుస్తున్నాడు, బండి లాక్కుంటూ. ఆ నమ్మకం నన్ను ఆ నల్లటి నీళ్లకంటే ఎక్కువ భయపెట్టింది. మోత పెద్దదైంది. సందు పదిహేనడుగులైంది, పదైంది. తిప్ప దగ్గర రెండు అంచుల మధ్యా ముక్కలు చెక్కలై, నలిగి, ఒకదానిమీదొకటి ఎక్కి దిగుతున్నాయి. ఆరడుగులు. అంతకంటే దగ్గరవదని నాన్న చూడగానే చెప్పాడు.

ఎనిమిదడుగుల బండిని అడ్డంగా తోశాడు. దాని తాడు కొస నా నడుముకి కట్టాడు. "బోర్లా పడుకుని పాకు. కిందికి చూడకు. అవతలికి చేరాక తాడు విప్పి దేనికైనా కట్టు."

గునపం ముందుకి తోసుకుంటూ పాకాను. బండి ఊగింది. కింద నీళ్లు పుక్కిలించినట్టు చప్పుడు చేశాయి. అవతలి మంచు చేతికి తగిలినప్పుడు ఏడుపొచ్చింది. తిప్పమీది రాయి ఒకటి మంచులోంచి పొడుచుకొచ్చి ఉంది. దానికి తాడు కట్టాను.

నాన్న నాకంటే రెండింతలు బరువు. ఆయన సగం దూరం వచ్చేసరికి నాకు వినబడింది. సన్నగా, గుడ్డ చిరుగుతున్నట్టు. నేను పాకి వచ్చిన వైపు, బండి ఆనిన మంచు అంచు అది.

"నాన్నా, విరుగుతోంది! తొందరగా!"

ఆయన కిందికి చూస్తూ నెమ్మదిగా పాకుతున్నాడు. నేను గొంతు చించుకుంటున్నాను, ఆయన నెమ్మదిగా పాకుతున్నాడు. గునపం తీసి ఆయన ముఖం ముందు బండి చెక్క మీద కొట్టాను. అదురుకి తలెత్తాడు. నా నోరు చూశాడు. ముందుకి దూకాడు. ఆ అంచు విరిగి బండి ఒరిగింది, నడుందాకా నీళ్లలో పడ్డాడు. మెడలో మేకులు రెండు చేతులా మంచులో దిగ్గొట్టాడు. నేను ఆయన కోటు కాలరు పట్టుకున్నాను. "కాళ్లు తన్ను," అన్నాను, పెదాలు విడదీసి, ఒక్కొక్క అక్షరం. నా నోరు చూస్తూ తన్నాడు. ఎలా పైకొచ్చాడో నాకు ఇప్పటికీ వరసగా గుర్తు లేదు.

ఒడ్డున పదిమంది చేరారు. ఎల్మర్ అంకుల్ తాడుచుట్ట భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది, గొంతులో కోపం. "చెప్పానా లేదా? నీ వెనకే నిలబడి చెప్పానుగా ఫ్లోరియన్!"

నాన్న నావంక తిరిగాడు. "చెప్పాడా?"

"చెప్పారు. నేను విన్నాను."

 నాన్న దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు.  అందరికీ వినపడేలా, మరీ గట్టిగా, తన గొంతు తనకే తెలియనివాడిలా చెప్పాడు.

"నాకు చెవులు పోయి రెండేళ్లయింది ఎల్మర్. ఈసారి ఏదైనా చెప్పాలంటే ముందుకొచ్చి చెప్పు."

ఎల్మర్ అంకుల్ తాడుచుట్ట కింద పడేశాడు. "రెండేళ్లా? మరి పోయినేడు నీ పాత బరమా ఉంచుకోనా అంటే తలూపావు! నాకిచ్చేశావనుకున్నా!"

"అది నీ దగ్గరుందా?" అన్నాడు నాన్న. "ఇల్లంతా వెతికాను."

ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు.

ట్రక్కులో వేడిగాలి పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. నాన్న వెంటనే బండి తియ్యలేదు. నావైపు తిరిగి కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు వినపడలేదని ఆయనకి తెలిసిపోతుందని."

"దానికి చచ్చిపోయేవాళ్లం."

"తెలుసు."

"నేనైనా అదే చేసుండేవాణ్ణి," అన్నాడు. బండి తీశాడు.

ఆ శుక్రవారం మా ఇంట్లో చేప లేదు. అమ్మ మమ్మల్ని చూడగానే తడి బట్టలు విప్పించి, పొడివి ఇచ్చి, బంగాళాదుంపల చారు కాచింది. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం.  అమ్మ పొయ్యివైపు తిరిగి గిన్నె కలుపుతూ, వీపు మావైపు పెట్టి ఏదో అంది. రోజూ అడిగేదే. నాన్న రోజూ తలూపేదే.

నాన్న చెంచా కింద పెట్టాడు.

"ఏమన్నావు స్టాసియా?"

అమ్మ చెయ్యి గిన్నెలో ఆగింది. పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుని వచ్చి, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా అన్నాను."

"లేదు," అన్నాడు నాన్న. "రెండేళ్ల నుంచి తక్కువే అవుతోంది."